వడ్ల కుప్ప ముందు స్టీరింగ్ లాగిన కారు: కరెంటు బండ్లు వాడుతున్నవారు మీ అనుభవాలు చెప్పండి

బత్తాయితోట_నల్లగొండ
గత మార్చిలో కరెంటు కారు కొన్నాను. నల్లగొండ నుంచి హాలియా దగ్గరున్న మా తోటకు వారానికి నాలుగైదు సార్లు వెళ్లి వస్తుంటాను కాబట్టి డీజిలు ఖర్చు భరించలేక ఈ నిర్ణయం తీసుకున్నాను. కరెంటుతో నడవడం వరకు నాకే ఫిర్యాదూ లేదు. నా బాధ ఇంకొకటి. షోరూమ్‌లో అమ్మిన అబ్బాయి "ఈ బండి తనంతట తానే నడుస్తుంది సార్, మీరు స్టీరింగ్ మీద చేతులు ఆనించి కూర్చుంటే చాలు" అని చెప్పి, అడాస్ (కెమెరా, రాడార్లతో నడిపేవారికి సాయం చేసే ఏర్పాటు) ఉన్న పై రకాన్ని నాతో కొనిపించాడు. దానికోసం లక్షకు పైగా అదనంగా కట్టాను.

పోయిన శనివారం సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మా నాయనను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తోట నుంచి తిరిగి వస్తున్నాను. ఎడమ వైపు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, వాటి చుట్టూ తలకాయంత రాళ్లు వరుసగా పేర్చి ఉన్నాయి. ఎదురుగా బండ్లేవీ లేవు కాబట్టి ఎప్పటిలాగే మధ్య గీత దాటి కుడికి తిప్పాను. సరిగ్గా అప్పుడే స్టీరింగ్ నా చేతుల్లో బిగుసుకుని ఎడమకు, అంటే ఆ రాళ్ల వైపుకే, లాగింది. బలంగా తిప్పి తప్పించాను కానీ చివరి రాయి వెనక చక్రానికి తగిలి ఎగిరింది. మా నాయన రెండు చేతులతో డాష్‌బోర్డును పట్టుకుని "బండికేమైందిరా?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఇది బండి లోపమా, నా తప్పా, లేక తనంతట తానే నడవడం అంటే ఇదేనా? తెలిసినవారు చెప్పగలరు.

జడ్చర్ల_కూడలి
కుడికి తిప్పేటప్పుడు ఇండికేటర్ వేశారా?

బత్తాయితోట_నల్లగొండ
వేయలేదు. ఖాళీ రోడ్డు మీద వడ్లను తప్పించడానికి మన దగ్గర ఎవరు ఇండికేటర్ వేస్తారు?

పాలమూరు_బిడ్డ_బెంగళూరు
పైన జడ్చర్ల అన్న అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది. నేను ఎనిమిదేళ్లుగా బెంగళూరులో వాహనాల కెమెరాలు, రాడార్ల పరీక్ష విభాగంలో పనిచేస్తున్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మీ కారులో పనిచేసింది లేన్ దాటకుండా కాపాడే సహాయకం. ముందు అద్దం వెనక ఉన్న కెమెరా రోడ్డు మీది గీతలను చూస్తూ ఉంటుంది. ఇండికేటర్ వేయకుండా బండి గీతను దాటబోతే, నడిపే మనిషి నిద్రలోకి జారాడనో, ఏమరుపాటున ఉన్నాడనో అది లెక్క వేసుకుని, బండిని మళ్లీ లోపలికి తిప్పుతుంది. ఇండికేటర్ వేసి ఉంటే మీరు కావాలనే దాటుతున్నారని అర్థం చేసుకుని ఊరుకునేది. దాని వరకు అది నేర్చుకున్న పనే చేసింది. లోపలి వైపు వడ్లు, రాళ్లు ఉన్నాయన్న సంగతి మాత్రం దానికి తెలియదు. ఆరబోసిన వడ్లు నేలకు జానెడు ఎత్తు కూడా ఉండవు. కెమెరాకు అది రంగు మారిన రోడ్డులా కనిపిస్తుంది.

రాడార్ సంగతి కూడా చెప్పాలి. వేగంగా వెళ్తున్న బండికి వంతెన, బోర్డు, రోడ్డు పక్క కడ్డీ వంటి కదలని వస్తువులన్నీ రాడార్‌లో ఎదురొస్తూనే ఉంటాయి. ప్రతిదానికీ బ్రేకు వేస్తే ప్రయాణమే సాగదు. అందువల్ల చాలా వ్యవస్థలు రాడార్‌లో మాత్రమే కనిపించే కదలని వస్తువులకు తక్కువ విలువ ఇస్తాయి. లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీ రాత్రి పూట ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక ఆ అమ్మిన అబ్బాయి మాట పూర్తిగా తప్పు. అంతర్జాతీయంగా ఈ సాంకేతికతను 0 నుంచి 5 వరకు ఆరు మెట్లుగా విభజించారు. మన దేశంలో షోరూమ్‌లలో అమ్ముతున్నవి 2వ మెట్టు దాటలేదు. 2వ మెట్టులో బండి సాయం మాత్రమే చేస్తుంది. చూపు మీదే, చేతులు మీవే, బాధ్యత కూడా మీదే. మీరు చేసిన తప్పు ఏదైనా ఉంటే అది ఆ మాటను నమ్మడమే.

హాలియా_డీసీఎం
నేను 22 ఏళ్లుగా డీసీఎం వ్యాను నడుపుతున్నాను, ఇదే దారిలో బత్తాయిలు కూడా తోలాను. పాలమూరు తమ్ముడు చెప్పింది శ్రద్ధగా చదివాను కానీ ఒక మాట ఒప్పుకోలేను. "అది నేర్చుకున్న పనే చేసింది" అంటే సరిపోతుందా? నడిపేవాడి చేతిలో ఉన్న స్టీరింగ్‌ను లాగే హక్కు దానికి ఎవరు ఇచ్చారు? రోడ్డు మీద గొర్రెల మంద వస్తుంటే మేము ముందు నడిచే మేకపోతును చూస్తాం. అది రోడ్డెక్కితే మిగిలిన రెండు వందలూ వస్తాయి, అది ఆగితే మంద ఆగుతుంది. కర్ర పట్టుకున్న గొల్లాయన చెయ్యి ఎత్తాడంటే ఆగమని, కిందికి ఊపాడంటే మెల్లగా పోనివ్వమని అర్థం. ఈ చూపు ఏ కెమెరాకు వస్తుంది? కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2017లోనూ, మళ్లీ 2023లోనూ డ్రైవర్ల ఉపాధి పోతుందని, డ్రైవరు లేని కార్లను మన దేశంలోకి రానివ్వబోమని చెప్పారు. నాలాంటివారి కుటుంబాలు ఆ మాట మీద ఆశ పెట్టుకుని ఉన్నాయి.

కల్లం_కాడ_రైతు
రోడ్డు మీద వడ్లు పోసింది నా వంటి వాడే కాబట్టి నేను కూడా చెప్పాలి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే తీసుకోరు. కోత మిషనుతో కోయించిన వడ్లు పచ్చిగా ఉంటాయి, రెండు మూడు ఎండలు తగలందే ఆ లెక్కకు రావు. కల్లం ఉన్న రైతు ఊరికి పదిమంది కూడా లేరు. తారు రోడ్డు మీద పొద్దున పోస్తే సాయంత్రానికి గింజ పంటి కింద టక్కుమంటుంది, మట్టి నేల మీద అదే పనికి మూడు రోజులు పడుతుంది. ఈలోగా మబ్బు పడితే నాలుగు నెలల కష్టం మొలకెత్తుతుంది. రాళ్లు పెట్టడం తప్పే, ఒప్పుకుంటాను. రాళ్లు పెట్టకపోతే బండ్లు వడ్ల మీదుగా పోయి గింజ నూకవుతుంది. బత్తాయితోట అన్నా, మీ నాయనకు దెబ్బ తగల్లేదు కదా?

బత్తాయితోట_నల్లగొండ
తగల్లేదు తమ్ముడూ. నేను కూడా రైతునే, మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయలేదు.

నార్కట్‌పల్లి_నర్సు
డీసీఎం అన్న మాటకు నేను గట్టిగా అడ్డు చెప్పాల్సి వస్తోంది. నేను జాతీయ రహదారి 65 పక్కన ఉన్న ఒక ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో పనిచేస్తాను. రాత్రి డ్యూటీలో మూడు గంటల నుంచి ఐదు గంటల దాకా మాకు భయం. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా ఆగకుండా నడిపే డ్రైవర్లకు కునుకు పట్టే సమయం అదే. గత సంక్రాంతి ముందు ఒక కుటుంబాన్ని తెచ్చారు. నడిపిన ఆయనకు గీతలు తప్ప ఏమీ కాలేదు. "నేను కళ్లు మూయలేదమ్మా, రెప్ప వేశానంతే" అని నా చెయ్యి పట్టుకుని మళ్లీ మళ్లీ అదే అన్నాడు. వెనక సీట్లో ఉన్న ఆయన భార్యను మేము కాపాడలేకపోయాము. ఆ బండిలో గీత దాటగానే స్టీరింగ్‌ను ఒక్కసారి లాగే పరికరం ఉండి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలా రోజులు ఆలోచించాను. మేకపోతును చూసే కన్ను డీసీఎం అన్నకు ఉంది, నిజమే. అదే కన్ను తెల్లవారుజామున నాలుగు గంటలకు కూడా తెరుచుకుని ఉంటుందని ఆయన హామీ ఇవ్వగలరా?

హాలియా_డీసీఎం
ఇవ్వలేనక్కా. నా తోటి డ్రైవర్లు ఇద్దరు అలాగే పోయారు. హెచ్చరించే పరికరం వద్దని నేను అనను. శబ్దం చేయనివ్వండి, సీటు వణికించనివ్వండి. చేతిలోంచి లాక్కోవడం మాత్రమే నాకు నచ్చలేదు.

మయూరి_వనం_మహబూబ్‌నగర్
మా అక్క కొడుకు అమెరికాలో ఫీనిక్స్‌లో ఉంటాడు. పోయిన ఏడాది నేను వెళ్లినప్పుడు డ్రైవరు లేని వేమో టాక్సీలో రెండుసార్లు ఎక్కాను. ముందు సీటు ఖాళీ, స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. మొదటి ఐదు నిమిషాలు నా అరచేతులకు చెమట పట్టింది, ఆ తర్వాత అలవాటైపోయింది. అక్కడ సాధ్యమైనది మన దగ్గర ఎందుకు సాధ్యం కాదు?

పాలమూరు_బిడ్డ_బెంగళూరు
మయూరి గారు మంచి ప్రశ్న అడిగారు. వేమో 2020 అక్టోబరు నుంచే ఫీనిక్స్‌లో మనిషి లేకుండా సామాన్య ప్రయాణికులను తీసుకెళ్తోంది, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ నగరాలకు కూడా విస్తరించింది. అయితే అది 4వ మెట్టు. దాని అర్థం ముందుగా అంగుళం అంగుళం కొలిచి పటం గీసుకున్న ప్రాంతంలోనే అది నడుస్తుంది, ఆ హద్దు దాటి రాదు. ఆ బండి మీద కెమెరాలు, రాడార్లతో పాటు లేజరు కిరణాలతో దూరాన్ని కొలిచే లైడార్లు కూడా ఉంటాయి. మన షోరూమ్ కారుకు ఉన్నది సాధారణంగా ముందు ఒక కెమెరా, ఒక రాడారు. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే జనం మోసపోతున్నారు. మధ్యలో ఉన్న 3వ మెట్టును 2021లో జపాన్‌లో హోండా, 2022లో జర్మనీలో మెర్సిడెస్ మొదలుపెట్టాయి. అవి కూడా కొన్ని రహదారుల మీద, రద్దీలో నెమ్మదిగా వెళ్లేటప్పుడే బాధ్యత తీసుకున్నాయి.

వైఫల్యాలను కూడా దాచకూడదు. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ అనే ఊరిలో ఉబర్ వారి పరీక్ష కారు, రాత్రి పూట సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొని చంపింది. ఢీకొనడానికి 5 సెకన్లకు పైగా ముందే ఆ కారు ఆమెను గుర్తించింది, కానీ ఆమెను ఒకసారి వాహనమని, ఒకసారి తెలియని వస్తువని, మరొకసారి సైకిలని మార్చి మార్చి లెక్క వేస్తూ కాలం గడిపింది. లోపల కూర్చున్న మనిషి ఫోను చూస్తూ ఉంది. 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జనరల్ మోటార్స్‌కు చెందిన క్రూజ్ వారి డ్రైవరు లేని టాక్సీ, వేరే కారు ఢీకొట్టగా తన ముందు పడిన మహిళను చక్రాల కింద ఈడ్చుకుపోయింది. ఆ తర్వాత అనుమతిని నిలిపేశారు, 2024 డిసెంబరులో జనరల్ మోటార్స్ ఆ టాక్సీలకు డబ్బు పెట్టడం మానేసింది. రోడ్డు మీద సైకిలు నడిపించుకుంటూ దాటే మనిషి మన ఊళ్లలో ప్రతి సాయంత్రం కనిపిస్తారు.

మన దగ్గర పని జరగడం లేదని కూడా అనుకోవద్దు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో తిహాన్ పేరుతో డ్రైవరు లేని వాహనాల పరీక్షా స్థలం 2022 నుంచి ఉంది, ఆవరణలోపల అలాంటి బస్సులను నడుపుతున్నారు. మన రోడ్ల మీది గొర్రెలు, ఎదురు దిశలో వచ్చే బండ్లు, గీతలు లేని దారులు మన పిల్లలే నేర్పితే తప్ప ఏ యంత్రానికీ రావు.

మిర్యాలగూడ_ఆటో
కరెంటు బండి గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి నా సంగతి చెబుతాను. రెండున్నరేళ్లుగా కరెంటు ఆటో నడుపుతున్నాను. కొన్నప్పుడు ఒక ఛార్జింగుకు 170 కిలోమీటర్లు అన్నారు, ముగ్గురిని ఎక్కించుకుని నడిపితే 115, 120 వస్తోంది. అయినా రోజుకు మూడు వందల యాభై రూపాయల డీజిలు మిగులుతోంది, ఆ డబ్బుతోనే కిస్తీ కడుతున్నాను. సాయంత్రానికి నడుం నొప్పి తగ్గింది, ఎందుకంటే ఇంజను అదురు లేదు. బాధ ఒక్కటే. మధ్యలో ఒకసారి బ్యాటరీ పెట్టె లోపలి బోర్డు పాడైతే సామాను వచ్చేదాకా 19 రోజులు బండి ఇంట్లోనే నిలబడింది. డీజిలు ఆటో అయితే మా వీధి మేస్త్రీ సాయంత్రానికి లేపేవాడు. ఆ పెట్టెను విప్పే ధైర్యం అతనికి లేదు, విప్పితే వారంటీ పోతుందని కాగితంలో రాసి ఉంది.

దేవరకొండ_రోడ్డు
నేను అదే భయంతో కొనలేదు. ఎనిమిదేళ్ల తర్వాత బ్యాటరీ మార్చాలంటే సగం బండి ధర అంటున్నారు. పైగా మన ఎండకు బ్యాటరీలు పేలిపోతాయని వీడియోలు వస్తున్నాయి.

పాలమూరు_బిడ్డ_బెంగళూరు
ఆ భయానికి కారణం ఉంది కానీ దాన్ని సరిగ్గా తూచాలి. 2022లో స్కూటర్లు వరుసగా అంటుకున్నది నిజం. దాని తర్వాతే ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలను కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబరు, 2023 మార్చి నుంచి రెండు దశల్లో అమలు చేశారు. కొనేటప్పుడు బ్యాటరీ రసాయనం ఏమిటని అడగండి. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం బరువుకు తగ్గ శక్తిని కొంచెం తక్కువ నిల్వ చేసినా, వేడికి బాగా నిలబడుతుంది. నల్లగొండ మే నెల ఎండకు నేనైతే దాన్నే ఎంచుకుంటాను. ఎండలో నిలబెట్టిన బండిని వెంటనే ఛార్జింగుకు పెట్టకుండా కొంతసేపు నీడలో ఉంచండి.

పాత_లైన్‌మన్
విద్యుత్ శాఖలో 34 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. బ్యాటరీ కంటే ముందు ఇంట్లో ప్లగ్గు చూసుకోండి. కారును మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే గంటకు 3 యూనిట్లకు పైగా లాగుతుంది. ఇస్త్రీ పెట్టె కూడా కరెంటు గుంజుతుంది కానీ పావుగంటలో తీసేస్తాం. కారు పది, పన్నెండు గంటలు ఆపకుండా గుంజుతుంది. మా బంధువుల ఇంట్లో పాత ప్లగ్గుకు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ప్లాస్టిక్ ముద్దగా మారి, గోడ మీద అరచేయంత నల్ల మచ్చ పడింది. మీటరు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేరుగా లాగించండి, దానికి సొంతంగా, కరెంటు మితిమీరితే ఆపే ఎంసీబీ, లీకేజీ ఆపే ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్తింగ్ గుంతలో వేసవిలో వారానికొకసారి రెండు బిందెల నీళ్లు పోయండి. మన నేలలు ఎండితే ఎర్తింగ్ పనిచేయదు, చాలా కార్లు అప్పుడు ఛార్జింగే తీసుకోవు, జనం మాత్రం బండి పాడైందని షోరూమ్‌కు పరుగెత్తుతారు.

బిల్లు గురించి కూడా ఒక మాట. నెలకు 200 యూనిట్లు దాటితే ధర మెట్టు మారుతుంది కాబట్టి కారు వచ్చిన ఇంటికి బిల్లు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఛార్జింగుకు వేరే కేటగిరీ ఉంది, మీ దగ్గరి విద్యుత్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి కార్యాలయంలో అడిగి చూడండి.

జడ్చర్ల_కూడలి
లైన్‌మన్ సారూ, ఒక సందేహం. ఆ కరెంటు మళ్లీ బొగ్గు నుంచే కదా వస్తోంది? దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం మన జిల్లాలవారి భూముల్లోనే కట్టారు. పొగ గొట్టం బండి వెనక నుంచి మన ఊరికి మారింది, అంతే కదా?

పాత_లైన్‌మన్
బొగ్గు వాటా పెద్దదే, కాదనను. ఆ కేంద్రం పక్క ఊళ్లవారి బూడిద బాధ నాకు తెలుసు. కానీ పెట్రోలు ఇంజను తాగిన నూనెలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడిగా పారబోస్తుంది, మోటారు అలా పారబోయదు. పైగా సాగర్, శ్రీశైలం నీళ్లతో పుట్టే కరెంటు, పగటి పూట సోలారు కరెంటు కూడా అదే తీగలో కలుస్తాయి. బండి అదే ఉన్నా ఏటేటా తీగలోని కరెంటు మారుతుంది. వీలున్నవారు మధ్యాహ్నం పూట ఛార్జింగ్ పెట్టండి.

మయూరి_వనం_మహబూబ్‌నగర్
దూర ప్రయాణం గురించి నా అనుభవం. గత మే నెలలో మహబూబ్‌నగర్ నుంచి 44వ జాతీయ రహదారి మీదుగా కర్నూలుకు వెళ్లాము. 90 శాతంతో బయలుదేరితే, ఏసీ వేసుకుని, 48 శాతంతో చేరాము. తిరుగు ప్రయాణంలో ఒక హోటలు దగ్గర ఛార్జింగుకు ఆగితే బండికి తగిలించే రెండు గన్నుల్లో ఒకటి పనిచేయడం లేదు, రెండోదానికి ఇంకో కారు తగిలించి ఉంది. ఆయన 80 శాతం దాటాక కూడా తీయలేదు. 80 దాటితే వేగం పడిపోతుంది, మిగిలిన 20 శాతానికి అంతకు ముందు పట్టినంత సేపు పడుతుందని ఎంత చెప్పినా వినలేదు. ఆ ఎండలో మా అత్తమ్మను హోటలు వరండాలో గంటా పది నిమిషాలు కూర్చోబెట్టాను. పనిచేయని గన్ను మీద "మరమ్మతు జరుగుతోంది" అన్న కాగితం వెలిసిపోయి ఉంది. మా దివిటిపల్లిలో 9,500 కోట్ల పెట్టుబడితో అమరరాజా వారి బ్యాటరీ పరిశ్రమ వస్తోందని మేము గర్వంగా చెప్పుకుంటాము. ఆ ఊరికి పక్కనే ఉన్న రహదారి మీద గన్నులు కూడా సరిగ్గా పనిచేయాలని అడగడం తప్పు కాదు కదా.

దేవరకొండ_రోడ్డు
అందరూ ఇంత చెప్పాక ఒకటి అడుగుతాను. ఇప్పుడు కొనాలా, ఆగాలా?

మిర్యాలగూడ_ఆటో
రోజుకు ఎంత తిరుగుతారన్నా?

దేవరకొండ_రోడ్డు
బడికి వెళ్లి రావడం, 40 కిలోమీటర్లు. సొంత ఇల్లే, వాకిట్లో బండి పెట్టుకోవచ్చు.

మిర్యాలగూడ_ఆటో
అయితే ఇంకా దేనికి ఆలోచిస్తున్నారు? రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ చేసింది. ఆ గడువును దృష్టిలో పెట్టుకుని చూసుకోండి. కిరాయి ఇంట్లో మూడో అంతస్తులో ఉండేవారికి మాత్రం నేను ఈ సలహా ఇవ్వను.

నార్కట్‌పల్లి_నర్సు
అడాస్ ఉన్న రకం తీసుకుంటే ముందు బండి అకస్మాత్తుగా ఆగితే బ్రేకు వేసే సదుపాయాన్ని ఎప్పుడూ ఆపకండి. స్టీరింగ్ లాగేదాన్ని మాత్రం మన రోడ్లను బట్టి నిర్ణయించుకోండి. ఇంత చర్చ చదివాక నేను కూడా ఈ రెంటినీ వేరుగా చూడడం నేర్చుకున్నాను.

బత్తాయితోట_నల్లగొండ
అందరి మాటలూ చదివి నిన్న షోరూమ్‌కు వెళ్లాను. స్క్రీన్‌లో మూడు మెనూల లోపల ఒక చోట, లేన్ సహాయాన్ని హెచ్చరికకు మాత్రమే పరిమితం చేసే వీలుంది. అమ్మిన రోజు అది ఎవరూ చూపించలేదు. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి ఇండికేటర్ సంగతి నేనే వివరించాను, అతనికి కూడా నిజంగా తెలియదు. ఇకనుంచి వచ్చిన వారికి "తనంతట తానే నడుస్తుంది" అన్న మాట చెప్పవద్దని మేనేజరు ముందే అడిగాను, సరేనన్నారు. జాతీయ రహదారి ఎక్కితే స్టీరింగ్ సహాయం వేస్తాను, తోట దారిలో హెచ్చరిక శబ్దం ఒక్కటే ఉంచుతాను. నర్సమ్మ చెప్పినట్టు బ్రేకు జోలికి పోలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు మీద కూడా ఇండికేటర్ వేస్తుంటే మా నాయన ఎవరొస్తున్నారని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

కల్లం_కాడ_రైతు
అన్నా, మొన్న మా వాడకట్టు వాళ్లం మాట్లాడుకుని రాళ్లు తీసేశాము. వాటి బదులు ఇసుక నింపిన సంచులు పెట్టి, పైన సున్నం పూశాము. లైటు పడితే దూరం నుంచే తెల్లగా కనిపిస్తున్నాయి. నిన్న రాత్రి పదకొండింటికి లారీ వచ్చి మా ఊరి వడ్లు ఎత్తుకుపోయింది, ఇక వానకాలం పంట దాకా ఆ రోడ్డు ఖాళీయే.